చీరకు కుదిరిన రవికె గుమ్మం దాటితే ఎందుకు మారుతుంది? ఇంటికీ కొట్టుకీ ఏ బల్బు కొనాలి?

దసరా తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి ముందు నెల రోజులూ విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల బట్టల కొట్లు రాత్రి తొమ్మిది దాటినా నిండుగా ఉంటాయి. మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దానికి కుదిరే రవికె గుడ్డ, లైనింగు, ఫాల్, దారం వెతికి ఇవ్వడం మా పని. పెద్దవాళ్లు ముక్క చేతిలోకి తీసుకోగానే, ‘ఒకసారి గుమ్మం దగ్గరకు పట్టుకెళ్లి చూస్తానమ్మా’ అంటారు. మా మీద అపనమ్మకంతో అనే మాట కాదది. దీపం మీద అపనమ్మకం. అది ఎంత న్యాయమైనదో నాకు ఒక మెరూన్ పట్టుచీర నేర్పింది.

ఆ చీర రాత్రి ఎనిమిది గంటలకు వచ్చింది. మా ట్యూబులైటు కింద నాలుగు రూబియా ముక్కలు పరిచి, అచ్చంగా సరిపోయినదాన్ని కోసి ఇచ్చాము. చూసిన ముగ్గురమూ ఒకే మాట అన్నాము. పెళ్లి రోజు పందిట్లో, పగటి వెలుతురులో, చీర వంగపండు రంగు వైపు, రవికె ఇటుక రంగు వైపు తిరిగిపోయాయి. చీర తెచ్చినావిడ తరువాత వచ్చి రెండూ బల్ల మీద పెట్టినప్పుడు నాకు నోట మాట రాలేదు. కుట్టుకూలితో సహా తిరిగి ఇచ్చాను. కానీ పెళ్లి ఫొటోలను తిరిగి ఇవ్వలేను కదా. అప్పటినుంచి బల్బుల గురించి తెలుసుకోవడం నాకు వ్యాపారంలో భాగమైంది. ఇల్లు కట్టుకుంటున్నవారూ, కొట్టు పెడుతున్నవారూ బల్బును వాట్లు చూసి, ధర చూసి కొంటారు. దాని కింద మనం ఏ రంగులు చూడబోతున్నామో చూసి కొనాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ మెరూన్ సంగతి. పట్టుకు అద్దే రంగులు వేరు, నూలుకు అద్దేవి వేరు, పాలిస్టరుకు అద్దేవి ఇంకా వేరు. ఒకే మెరూన్‌ను మూడు రకాల రసాయనాలతో తయారు చేయవచ్చు. ఒక్కో రసాయనం వెలుతురులోని ఒక్కో భాగాన్ని మింగేసి మిగతాది మన కంటికి పంపుతుంది. ఒక దీపం కింద ఆ మిగులు రెండు గుడ్డల్లోనూ కంటికి సమానంగా అందితే రంగులు కలిసినట్టు కనిపిస్తాయి. వెలుతురు కూర్పు మారితే ఆ సమానత్వం చెదిరిపోతుంది. దీనికి మెటామెరిజం అని పేరు. రంగుల అద్దకంలో ఉన్నవారందరికీ తెలిసిన తలనొప్పి ఇది. అందుకే పెద్ద మిల్లుల్లో ఒక పెట్టె లాంటి గదిలో పగటి వెలుతురు, దుకాణం వెలుతురు, ఇంటి బల్బు వెలుతురు మార్చి మార్చి వేసి గుడ్డను చూస్తారు.

మొదట రెండు అంకెలు

బల్బు పెట్టె మీద కె అనే అక్షరంతో ఉండే అంకె కెల్విన్‌ది. వెలుతురు పసుపు వైపు ఉందా నీలం వైపు ఉందా అన్నది అది చెబుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, వేడి పెరిగేకొద్దీ పసుపుగా, ఆపైన తెల్లగా మారడం చూసే ఉంటారు. ఈ కొలత ఆ వరుసలోనే నడుస్తుంది. 2700 అంటే పాత బల్బు పసుపు. 4000 అంటే ఎటూ ఒరగని తెలుపు. 6500 అంటే మబ్బు పట్టిన మధ్యాహ్నపు ఆకాశంలా కొంచెం నీలి తెలుపు.

రెండో అంకె సీఆర్‌ఐ. చాలా పెట్టెల మీద ఇది చీమంత అక్షరాల్లో ఉంటుంది, కొన్నింటి మీద ఉండనే ఉండదు. ఈ దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్నదానికి నూటికి వేసే మార్కులివి. అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 1965లో ఈ పద్ధతిని తెచ్చింది. ఎనిమిది లేత రంగుల నమూనాలు దీపం కింద ఎంత మారుతున్నాయో లెక్కగట్టి సగటు తీస్తారు. గమనించండి, ఆ ఎనిమిదీ లేత రంగులే. కుంకుమ ఎరుపు వాటిలో లేదు. గాఢమైన ఎరుపు తొమ్మిదో నమూనా, దాన్ని ఆర్9 అంటారు. అది సగటులోకి రాదు. కాబట్టి సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుకు ఆర్9 సున్నా దగ్గర ఉండవచ్చు, సున్నాకు దిగువకూ పోవచ్చు. లెక్కలో ఎనభై వచ్చిన పిల్లవాడు ఒక పాఠంలో మాత్రం సున్నా తెచ్చుకున్నట్టు. మన చీరల్లో, కుంకుమలో, మిరపపండులో, మన చర్మంలో ఉన్నది ఆ పాఠమే. 2015లో అమెరికాలో 99 రంగుల నమూనాలతో టీఎం-30 అనే మెరుగైన పద్ధతి వచ్చింది. మన కొట్లలో దొరికే పెట్టెల మీద దాన్ని నేను చూడలేదు, కాబట్టి సీఆర్‌ఐతోనే పని నడుపుకోవాలి.

ఈ రెండు అంకెలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ‘తెల్లగా ఉంది కాబట్టి పగటి వెలుతురు లాంటిదే’ అనుకోవడం అందరూ చేసే పొరపాటు. 6500 కెల్విన్ ఉన్నా రంగుల్లో తప్పిపోయే బల్బు ఉంది, 3000 ఉన్నా ఎరుపును చక్కగా చూపే బల్బు ఉంది.

అరవై క్యాండిళ్ల బల్బు

మా నాన్న కాలంలో వాట్లు అనేవారు కాదు, ‘అరవై క్యాండిళ్ల బల్బు’ అనేవారు. లోపల టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. వేడి వస్తువు ఇచ్చే వెలుతురులో ఎరుపు నుంచి ఊదా దాకా ఏ రంగూ తెగకుండా ఉంటుంది. అందుకే దీని సీఆర్‌ఐ 100. ఈ వంద చూసి మోసపోకూడదు. 5000 కెల్విన్ లోపు దీపాలను కొలిచేటప్పుడు పోల్చి చూసే ప్రమాణమే వేడి వస్తువు వెలుతురు. అంటే ఈ బల్బును దాదాపు దానితోనే పోల్చి వంద వేస్తున్నారు. దీనిలో ఎరుపు, పసుపు పుష్కలం, నీలం మాత్రం బాగా తక్కువ. పసుపు బల్బు కింద నలుపు దారం రీలునూ నేవీ బ్లూ రీలునూ పక్కపక్కన పెట్టి వేరు చేయమనండి, దారాలతోనే బతికే దర్జీ కూడా తడబడతాడు. గంధం రంగు, లేత పసుపు, మీగడ తెలుపు మూడూ ఒకటైపోతాయి.

మనుషులకూ, బంగారానికీ, ఇత్తడికీ మాత్రం ఇంతకు మించిన దీపం లేదు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబును ఈ వెలుతురులో పెట్టి చూడండి, దేవుడి గదిలో ఉండవలసిన మెరుపు అది. ఇత్తడి నీలాన్ని మింగి ఎరుపు పసుపులను తిప్పికొడుతుంది కాబట్టి, 6500 వెలుతురులో అదే చెంబు పాలిపోయి కొంచెం ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది.

ఖర్చు మాట కూడా చెప్పాలి. రోజుకు ఐదు గంటలు వెలిగితే ఈ అరవై వాట్ల బల్బు నెలకు తొమ్మిది యూనిట్లు తింటుంది. దానికి సమానమైన వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ సుమారు 1.35 యూనిట్లతో సరిపెడుతుంది. పాత బల్బు వెయ్యి గంటలకు మాడిపోతుంది కూడా. దాని రంగు గుణం కావాలంటే దాన్నే కొననక్కరలేదు, 2700 కెల్విన్, సీఆర్‌ఐ 90 దాటిన ఎల్‌ఈడీ ఆ పని చేస్తుంది.

ట్యూబులైటు

గొట్టం లోపల పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను ఇస్తే, గోడకు పూసిన ఫాస్ఫర్ వాటిని తెలుపుగా మారుస్తుంది. పాత రకం పూత ఉన్న గొట్టాల సీఆర్‌ఐ 50 నుంచి 75 మధ్య. మూడు ఫాస్ఫర్లు కలిపిన తరువాతి రకానికి 80 పైన. సీఎఫ్‌ఎల్ కూడా ఈ కుటుంబమే. వీటి వెలుతురు నిండుగా పారే ఏరు కాదు, అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న నీటి చెలమలు. పాదరసపు గీతలు నీలంలో 436 నానోమీటర్ల (వెలుతురు అల పొడవుకు కొలత, ఒక్కో రంగుకు ఒక్కో పొడవు) దగ్గర, ఆకుపచ్చలో 546 దగ్గర గట్టిగా ఉంటాయి, మధ్యలో ఖాళీలు. మా మెరూన్ చీరను ముంచినది ఈ ఖాళీలే. కొట్టులో పాత చోకు, స్టార్టర్లతో ఇంకా నడుస్తున్న గొట్టాలుంటే ఈ ఒక్క కారణానికైనా మార్చండి. ఇక దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పగిలితే పాదరసం ఉంటుంది కాబట్టి ముక్కలను చేత్తో ఎత్తకండి.

ఎల్‌ఈడీ: అసలు ఎంపిక ఇక్కడే

2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ బల్బు ప్రతి ఇంటికీ చేరింది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉన్నది నీలి దీపం. ఆ నీలాన్ని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 450 నానోమీటర్ల దగ్గర వెలిగే ఆ నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూస్తారు. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపవుతాయి. కానీ చవక బల్బులో ఆ రెంటి మధ్య 480 దగ్గర ఒక లోయ ఉంటుంది, గాఢ ఎరుపు దగ్గర ఒక వాలు ఉంటుంది. లోయలో పడేది నెమలికంఠం రంగు. వాలులో జారేవి మెరూన్, కుంకుమ ఎరుపు, బచ్చలిపండు రంగు.

ఎరుపును ఎందుకు మిగల్చరు? పగటి వెలుతురులో మన కన్ను ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల ఆకుపచ్చకు. గాఢ ఎరుపుకు చాలా తక్కువ. దీపం కాంతిని ల్యూమెన్లలో కొలిచేటప్పుడు కంటి స్పందననే లెక్కలోకి తీసుకుంటారు. ఎరుపు కలిపితే కరెంటు ఖర్చవుతుంది, పెట్టె మీది ల్యూమెన్లు మాత్రం అంతగా పెరగవు. వాటుకు ఎక్కువ ల్యూమెన్లు అని చాటుకోవాలంటే ఎరుపును వదిలేయడమే తయారీదారుకు సులువు. కాబట్టి ఒకే వాట్ల రెండు బల్బుల్లో ల్యూమెన్లు తక్కువున్నదే రంగులకు మంచిది కావచ్చు. నేను సీఆర్‌ఐ 90 బల్బు వేసిన మొదటి రోజు కొట్టులో వెలుతురు కొంచెం తగ్గినట్టు అనిపించింది. కానీ ఎర్రలన్నీ అరల్లోంచి లేచి వచ్చినట్టు కనిపించాయి.

తెలుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన పక్కనే పొందూరు ఉంది. పొందూరు ఖద్దరులో కొండపత్తి సహజపు మీగడ తెలుపు ఉంటుంది, వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి వడికిన నూలు అది. మిల్లు తెల్లగుడ్డకు, మనం వాడే చాలా సబ్బు పొడులకు తెల్లదనం పెంచే రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనిపించని అతినీలలోహితాన్ని తాగి నీలి వెలుతురుగా కక్కుతాయి. ఎండలో మిల్లు పంచె కళ్లు చెదిరేలా మెరిసేది అందుకే. ఎల్‌ఈడీలో అతినీలలోహితం దాదాపు ఉండదు. ఆ మెరుపు ఆరిపోయి, మిల్లు తెలుపూ ఖద్దరు తెలుపూ కొట్టులో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఎండలోకి తెస్తే ఎవరు ఎవరో తెలుస్తుంది. ఎంత మంచి సీఆర్‌ఐ ఉన్న బల్బైనా ఈ పరీక్షకు పనికిరాదు. తెల్లగుడ్డ ఒకదానికొకటి జత చేయాలంటే పగలే చేయండి. నోట్లు పరీక్షించే ఊదా దీపం కింద మెరిస్తే ఆ రసాయనం ఉన్నట్టే. సబ్బు పొడితో ఉతికిన ఖద్దరు కూడా మెరుస్తుంది కాబట్టి అది ఖద్దరు కాదని దాన్నిబట్టి తేల్చకండి.

కన్ను సర్దుకుంటుంది కదా, ఇంత ఆలోచన దేనికి అని ఒకరు అడిగారు. సర్దుకుంటుంది. పసుపు దీపం ఉన్న గదిలోకి వెళ్లిన ఒకటి రెండు నిమిషాల్లో తెల్లకాగితం తెల్లగానే కనిపిస్తుంది. కానీ కన్ను మొత్తం ఛాయను సరిచేయగలదు, వెలుతురులో లేని రంగును పుట్టించలేదు. పాత నారింజ రంగు సోడియం వీధి దీపాలు గుర్తున్నాయా? వాటి సీఆర్‌ఐ సుమారు 25. ఆ దీపాల కింద ఎర్ర మోటారుసైకిలు గోధుమ రంగులో కనిపించేది. ఎంతసేపు నిలబడి చూసినా ఎరుపు తిరిగి వచ్చేది కాదు.

ఎక్కడ ఏది

మెట్లు, వరండా, స్నానాలగది, సామాన్ల గది: చవక 9 వాట్లు చాలు. అక్కడ మనం రంగును బట్టి నిర్ణయించేదేమీ లేదు. అలా మిగిలిన డబ్బును అద్దం దగ్గర, వంటింటి గట్టు మీద, కొట్టు బల్ల మీద ఖర్చు పెట్టండి.

వంటింటికి 4000 కెల్విన్, సీఆర్‌ఐ 90 నా సలహా. ఉల్లిపాయ ఎప్పుడు బంగారు రంగుకు వచ్చింది, ఆవకాయలో కారం ఎంత ఎర్రగా ఉంది, కోడిమాంసం లోపల గులాబీ ఛాయ ఇంకా మిగిలిందా అన్నవన్నీ ఎరుపు పసుపుల మధ్య జరిగే నిర్ణయాలు. గట్టు మీద మీ నీడ పడకుండా అరకింద ఒక దీపం వేసుకోండి. చేపలు ఇంటికి తెచ్చాక మొప్పలు చూడటం వేరు, బజారులో చూడటం వేరు. ఎర్ర టార్పాలిన్ కింద ఏ చేప మొప్పైనా ఎర్రగానే ఉంటుంది. చేపను కాస్త పక్కకు, ఎండలోకి పట్టి చూపమనండి.

అద్దం దగ్గర దీపం నెత్తిమీద కాకుండా రెండు పక్కలా ఉండాలి. 4000, సీఆర్‌ఐ 90 పైన. దేవుడి గదికీ పడకగదికీ 2700 నుంచి 3000. రాత్రి నీలం ఎక్కువగా ఉన్న వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది, పడకగదిలో 6500 వేయకపోవడానికి ఆ కారణం చాలు. చదువుకునే బల్లకు 4000 హాయిగా ఉంటుంది. నొక్కినప్పుడల్లా మూడు రంగులు మార్చే దీపాల గురించి అడుగుతారు. హాలుకు మంచివే. మూడు కెల్విన్‌లూ వస్తాయి కానీ సీఆర్‌ఐ మారదు, ముందు ఆ అంకె చూడండి.

పసిబిడ్డ ఉన్న ఇంటివారికి ఒక మాట. పుట్టిన మొదటి రోజుల్లో కామెర్లు వస్తే చర్మం, కళ్ల తెల్లగుడ్డు పసుపుగా మారతాయి. పసుపు బల్బు కింద ఆ పసుపు కలిసిపోయి కనిపించదు. బిడ్డను ఉదయం కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. ఏ కాస్త అనుమానమున్నా దీపం మార్చి చూస్తూ కూర్చోక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి, రక్తపరీక్షే తేలుస్తుంది.

పనికే రంగు ముఖ్యమైన చోట లెక్క వేరు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసేవారిని చూడండి. డబ్ల్యూ320లో డబ్ల్యూ అంటే తెలుపు, అంకె పౌనుకు ఎన్ని పలుకులో చెబుతుంది. తెల్ల పలుకుకూ కాస్త కమిలిన పలుకుకూ ధరలో తేడా ఉంటుంది, కంటితో చూసేది ఒక లేత గోధుమ ఛాయ. పసుపు దీపం కింద ఆ ఛాయ మాయమవుతుంది. అలాంటి బల్లకు 5000 నుంచి 6500, సీఆర్‌ఐ 90 దాటినది, దండిగా వెలుతురుతో ఉండాలి. ఆ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. వెలుతురు తగ్గేకొద్దీ కన్ను ఎరుపును ముందు వదిలేస్తుంది. సందె చీకట్లో పెరట్లో ఎర్ర మందారం నల్లబడి, ఆకులు మాత్రం ఇంకా తేలికగా కనిపించడం చూడండి. 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతో దీన్ని పిలుస్తారు. చీకటి బల్ల మీద మంచి బల్బు ఒక్కటి వేసి లాభం లేదు, రెండు వేయండి.

మా లాంటి బట్టల కొట్టుకు ఒకే దీపం సరిపోదు. బల్ల మీద 4000, సీఆర్‌ఐ 90 పైన. పక్కనే 2700 బల్బు ఒకటి వేరే స్విచ్‌తో. చీర కట్టుకునేది రాత్రి విందుకైతే ఆ దీపం కిందా కుదరాలి కదా. మరొకటి, గోడలు తెల్లవిగా ఉంచండి. గులాబీ రంగు గోడ నుంచి తిరిగి వచ్చే వెలుతురు గులాబీగానే ఉంటుంది, మంచి బల్బుకు పెట్టిన డబ్బు గోడకు పోతుంది.

కొనేముందు కొట్టులోనే

ఒక చిన్న సంచిలో ఇవి పెట్టుకు వెళ్లండి: కుంకుమ ఎరుపు దారం, మెరూన్ ముక్క, నెమలికంఠం రంగు ముక్క, నలుపు, నేవీ బ్లూ దారాలు, ఒక పండు టమాటా. బల్బు వెలిగించి చూపమని అడగండి. రెండు బల్బులు పక్కపక్కన వెలిగిస్తే ఇంకా మంచిది. ఎరుపు నారింజకో గోధుమకో జారితే వద్దు. చివరగా మీ అరచేయి చూసుకోండి. చవక బల్బు కింద అది బూడిద ఛాయలో, రక్తం లేనట్టు కనిపిస్తుంది.

పాత సీడీ ఒకటి ఉంటే దాని వెనుక వైపు దీపాన్ని ప్రతిఫలింపజేసి చూడండి. పాత బల్బుకు ఇంద్రధనుస్సు తెగకుండా కనిపిస్తుంది. ట్యూబుకు విడివిడి పట్టీలు. ఎల్‌ఈడీకి గట్టి నీలం, దాని పక్కన మసక, తరువాత ఆకుపచ్చ, పసుపు. చివర్లో ఎరుపు పట్టీ ఎంత వెడల్పుగా, ఎంత నిండుగా ఉందో అదే మీకు కావలసింది. పెట్టె మీద సీఆర్‌ఐ లేకపోతే, అడిగినా చెప్పకపోతే, 80కి మించదనుకుని ధర కట్టండి.

గుమ్మం దగ్గర చూసేటప్పుడు కూడా నేరుగా ఎండలో కాదు, నీడలో, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు చూడండి. సాయంత్రపు ఎండ పసుపు బల్బు వంటిదే. మా కొట్టు గుమ్మం పక్కన ఇప్పుడు చిన్న బల్ల ఒకటి వేశాము. రాత్రి వచ్చినవారి మెరూన్‌కూ నేవీ బ్లూకూ కుదిరిన ముక్కను కోయకుండా, వారి పేరు రాసి పక్కన పెడతాము. తెల్లవారి వచ్చి ఆ బల్ల మీద చూసుకున్నాకే కత్తెర పడుతుంది.